సిగ్నల్ దొరికిన చోట తీసిన మట్టి

మట్టి ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను ఎన్ని మెట్లెక్కానో, ఎవరు నాకు శాలువా కప్పారో ఇందులో ఉండదు. శాలువాలు పదహారు వచ్చాయి. పదిహేను అటక మీద ఉన్నాయి, పదహారోదానితో మా ఆవిడ కుక్కరు తుడుస్తోంది. ఆ సంగతి అంతటితో సరి.

నేను మట్టి శాస్త్రం చదువుకున్నవాణ్ణి. యాభై నాలుగో ఏట స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. ఆ "స్వచ్ఛందంగా" అన్న మాటని మా ఆఫీసువాళ్ళు ఎంత గట్టిగా నొక్కి పలికారంటే నా కుడి చెవి ఇప్పటికీ ఎర్రగానే ఉంది. ఎందుకు నొక్కారో చెప్పడానికే ఈ కాగితాలు.

పదకొండో అంతస్తు

మొదట్లో ఇరవయ్యేళ్ళు చేలగట్ల మీద తిరిగాను. చివరి ఎనిమిదేళ్ళు మాత్రం హైటెక్ సిటీలో, పదకొండో అంతస్తులో కూర్చుని మట్టిని పరీక్షించాను. పదకొండో అంతస్తులో మట్టి ఉండదు. రిసెప్షన్ దగ్గర ఒక కుండీ ఉండేది, అందులోనూ కొబ్బరిపీచే.

మా కంపెనీ చాక్లెట్ చేయదు, కోకో పండించదు, కొనదు, అమ్మదు. కోకో తోటల్లో నేల ఎంత బాగుందో విదేశాల్లో చాక్లెట్ చేసేవాళ్ళకి చెబుతుంది, ఆ నేలకి ఏ ఎరువు వేయాలో రైతులకి ఫోన్లో చెబుతుంది. తోటలేమో ఏలూరు, గోదావరి వైపు. ఆఫీసు ఇక్కడ. ఎందుకిక్కడ అని చేరిన రోజే అడిగాను. ఇక్కడ నెట్ బాగుంటుందన్నారు.

తోటల నుంచి మట్టి సంచులొస్తే గేటు దగ్గర మూడుసార్లు స్కాన్ చేసి, నాలుగోసారి వాసన చూసి లోపలికి వదిలేవారు. ఒకసారి లిఫ్టులో సంచి పిగిలి గుప్పెడు మట్టి కింద పడింది. అణుబాంబు పడితే కూడా అంత హడావుడి ఉండదు. ముసుగులు తొడుక్కుని నలుగురొచ్చారు. వాళ్ళలో ఒకాయన, చందానగర్ నుంచి రోజూ బండి మీద వచ్చే మంచి మనిషి, ఇదేం కెమికల్ సార్ అనడిగాడు. మట్టి అన్నాను. అదే సార్, మట్టిలో ఏ కెమికల్ అన్నాడు. నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ భవనం మొత్తంలో మట్టిలో ఏముందని అడిగిన మనిషి అతనొక్కడే.

చెట్లు చేసేదేమిటి

ఈ భాగం దాటేస్తే తర్వాత కథ అర్థం కాదు, కాబట్టి ఓపిక పట్టండి.

కోకో నీడన పెరిగే చెట్టు. మన దగ్గర కొబ్బరి తోటల్లో వరసల మధ్య వేస్తారు, గట్ల వెంబడి గిరిపుష్పం లాంటి చెట్లు పెంచుతారు. ఇలా చెట్ల మధ్య చెట్టు పెడితే నేల ఏమవుతుందన్న దాని మీద లోకంలో రెండు ముఠాలున్నాయి. ఒక ముఠా నేల బంగారమైపోతుందంటుంది. రెండో ముఠా పెద్దచెట్లు కోకో నోటి ముందరి కూడు లాక్కుంటాయంటుంది. రెండు ముఠాల్లో ఎవరి చెప్పులకీ మట్టి ఉండదు.

నేను చూసింది చెబుతాను. కోకో ఆకు రాలుతూనే ఉంటుంది. ముదురు తోటలో నడిస్తే అప్పడాల బస్తా మీద నడిచినట్టు చప్పుడవుతుంది. ఆ ఆకు కింద పొర కుళ్ళి, పైన నాలుగు వేళ్ళ మందం మట్టి నల్లబడుతుంది. వానపాములు తిరుగుతాయి. రోహిణి కార్తెలో పక్క చేలో అడుగు పెడితే అట్టు మాడినట్టు కాలు మాడుతుంది. ఇక్కడ ఉత్తకాళ్ళతో నిలబడొచ్చు. గిరిపుష్పం గాల్లోని నత్రజనిని నేలకి తెస్తుంది. ఇదంతా నిజం. కాకపోతే అంతా నెమ్మది, చాలా భాగం పై పొరలోనే.

పొటాష్ దగ్గరికొస్తే లెక్క వేరు. దాన్ని ఏ చెట్టూ గాల్లోంచి తేలేదు. నేలలోంచి లాగి ఆకులో, కాయలో పెడుతుంది. రాలిన ఆకు అక్కడే కుళ్ళితే తిరిగి నేలకి చేరుతుంది. కాయ మాత్రం మనం కోసేస్తాం. గింజలు అమ్ముకుంటాం. పొటాష్‌లో పెద్ద వాటా కాయ తొక్కలోనే ఉంటుంది. ఆ తొక్కని ఎక్కడ పారేస్తామన్నదే నా కథ.

నా తెలివితేటలు

ఇప్పుడు నా తప్పు. దీన్ని ఇంకొకరి మీదికి తోయడానికి ఏడు రకాలుగా ప్రయత్నించాను, కుదరలేదు.

మట్టి తీసే సిబ్బంది పూర్వం ఒక చింతచెట్టు కింద కూర్చుని, ఒకే చేలో ఇరవై సంచులు నింపి, ఇరవై ఊళ్ళ పేర్లు రాసేవాళ్ళు. ఆ మోసం నాకు బాగా తెలుసు. అందుకని మా యాప్ తయారవుతున్నప్పుడు మీటింగులో లేచి నిలబడి షరతు పెట్టాను. మనిషి తోటలో ఎక్కడ నిలబడి మట్టి తీశాడో ఫోన్ కచ్చితంగా చూపించాలి, ఆ గుర్తు మూడు మీటర్ల లోపల కుదరకపోతే యాప్ నమూనాని తీసుకోకూడదు, తీసిన చోట ఫొటో కూడా ఉండాలి. గది మొత్తం చప్పట్లు కొట్టింది. మా ప్రాడక్ట్ హెడ్ సిద్ధార్థ్ నా కంటే పాతికేళ్ళు చిన్నవాడు, నా కంటే పాతిక రెట్లు నిబ్బరం ఉన్నవాడు. సార్, మీరు ఫీల్డ్ మైండ్ అన్నాడు. ఆ రోజు కూకట్‌పల్లిలో మా ఇంటికి మెట్రో ఎక్కి వెళ్ళలేదు, గాల్లో తేలుకుంటూ వెళ్ళాను.

అంకెలొచ్చాయి. అంకెలా అవి, పెళ్ళి భోజనాలు. సేంద్రియ కర్బనం పొంగిపొర్లుతోంది. పొటాష్ ఇంకో రెండు తరాలకి సరిపోయేలా ఉంది. గోడంత తెర మీద జిల్లా పటం, దాని నిండా పచ్చచుక్కలు. చెట్ల మధ్య కోకో వేస్తే నేల ఇంత బలపడుతుందని దేశదేశాలకీ నివేదిక వెళ్ళింది. రైతులకేమో ఫోన్లో సలహా వెళ్ళింది: మీ నేలలో పొటాష్ సమృద్ధిగా ఉంది, వేయనవసరం లేదు. రెండిటి కిందా సంతకం నాదే.

ఇంత అనుభవం ఉండి అనుమానం ఎందుకు రాలేదని మీరడగాలి. ఇరవయ్యేళ్ళుగా చెట్లు నేలకి మంచివని గొంతు చించుకుంటున్నవాణ్ణి నేను. ఆ అంకెలు నా పాటే నాకు వినిపించాయి. తనకి నచ్చిన జవాబొస్తే మళ్ళీ లెక్క చేసి చూసుకునే మనిషి చాలా అరుదు. ఆ అరుదైన మనుషుల్లో నేను లేనని అప్పటికి తెలియదు.

మంగాయమ్మ గారి ఫోను

ఏలూరు దాటి లోపలికి వెళితే మంగాయమ్మ గారిది మూడెకరాల కొబ్బరి తోట, మధ్యన కోకో. భర్త పోయాక పదేళ్ళుగా ఒక్కతే చూసుకుంటోంది. ఆ కోకో మొక్కల్లో ప్రతిదీ ఆవిడ చేత్తో నాటిందే. నేను గట్ల మీద తిరిగిన రోజుల నుంచీ పరిచయం.

ఒక బుధవారం ఫోన్ చేసి, నా నేల ఎలా ఉందో మీ పెద్ద టీవీలో చూసి చెప్పండి సార్ అంది. చూశాను. పచ్చచుక్క నిగనిగలాడుతోంది. బ్రహ్మాండంగా ఉందమ్మా అన్నాను. ఆకు అంచులు కాలినట్టు ఎండిపోతున్నాయంది. కాయ పిడికిలంత కూడా రావట్లేదంది. మీరు వద్దన్నారని రెండేళ్ళుగా పొటాష్ వేయలేదంది. నీళ్ళు చాలట్లేదేమో అన్నాను. నీళ్ళు పెడుతూనే ఉన్నానంది. కోపమేమీ లేకుండా ఇలా అంది:

"నేల బాగుందని మీరంటున్నారు. నీళ్ళున్నాయి. అయితే తప్పు చెట్టుదేనండి. సోమవారం మనుషుల్ని పిలిచాను. కోకో మొత్తం తీయించేస్తాను."

ఆ మాటలో తప్పు వెతికాను. దొరకలేదు. నేల మీద ఫిర్యాదు లేదని శాస్త్రజ్ఞుడు సంతకం పెట్టాక చెట్టు కాకపోతే ఎవరు దోషి? పదేళ్ళు పెంచిన చెట్లు సోమవారం నేలకూలబోతున్నాయి, నా పచ్చచుక్క సాక్ష్యం మీద.

యాదమ్మ

మా ఆఫీసు ఆవరణలో తోటపని చేసే యాదమ్మది నార్సింగి దిక్కు. వాళ్ళ పొలమున్న చోట ఇప్పుడు ముప్ఫై అంతస్తుల మేడలు. రోజూ పొద్దున చెట్ల కింద ఒక్క ఆకు లేకుండా ఊడ్చేది. రోజూ టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి, ఆకు ఊడవకు, నేల చచ్చిపోతుందని నేను ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆ గురువారం కూడా ఇచ్చాను. ఆమె చీపురు నేలకేసి కొట్టింది.

"ఏంది సారూ, దినాం గిదే ముచ్చట. ఆకు కనబడితే నా జీతం కోస్తరు, నీది కోస్తరా? చెట్ల కింద గడ్డపార దిగుతలేదని నాకెరుక లేదా? గా పంపుల రూము ఎనక పోయి చూడు. పదేండ్ల సంది ఆకంత ఆడనే కుప్ప పోస్తున్న. గా మన్ను పిసికితె నూనె కారతది. చెట్టు ఈడ, బలమాడ. నువ్వు గా మూల మన్ను తీస్కపోయి చూసినవనుకో, గీ కంపెనీ భూమంత బంగారమనే రాస్తవు."

టీ చల్లారిపోయింది. పదకొండో అంతస్తుకి లిఫ్టు కోసం కూడా ఆగలేదు. మూడో అంతస్తు దాకా మెట్లెక్కి, ప్రాణం మీద ఆశతో అక్కడ లిఫ్టెక్కాను. నమూనాలతో పాటు వచ్చిన ఫొటోలు తెరిచాను. ఇన్నాళ్ళూ అంకెలే చూశాను, ఫొటోలు చూడలేదు. మొదటి ఫొటోలో తవ్విన గుంట, పక్కన కోకో తొక్కల కుప్ప, పైన నీలంగా ఆకాశం. రెండోది అంతే. పదోది, యాభయ్యోదీ అంతే. ముదిరిన కోకో తోటలో నిలబడితే ఆకాశం అరచేతి మేర కూడా కనబడదు. ఈ ఫొటోల్లో మబ్బులు లెక్కపెట్టొచ్చు.

అక్కడ మట్టి తీసే ప్రసాద్‌కి ఫోన్ చేశాను. పాపం, ఏమీ దాచలేదు. తోట లోపల ఆకుల కింద ఫోను గుర్తు కప్పలా గంతులేస్తుందండి, యాప్ ఎర్రగా అయిపోయి తీసుకోదండి అన్నాడు. దారి పక్కన కాయలు కొట్టే చోట మాత్రం పైన ఖాళీ ఉంటుందట. అక్కడ సిగ్నల్ నిలకడగా దొరుకుతుందట. "అందుకని అందరం అక్కడే తీస్తున్నామండి, మీ షరతు ప్రకారం."

కోకో తోటలో ప్రతివాళ్ళూ కాయలు ఒక మూలకి మోసుకొచ్చి, అక్కడ కూర్చుని కొట్టి, గింజలు తీసుకుని తొక్కలు అక్కడే వదిలేస్తారు. తోట మొత్తం లాగిన పొటాష్ ఏళ్ళ తరబడి ఆ మూల కుళ్ళుతుంది. అంటే జిల్లాలో ప్రతి తోటకీ ఉన్న పెంటకుప్పని పరీక్షించి, తోట బలంగా ఉందని లోకానికి చెప్పాను. మోసగాళ్ళని ఆపడానికి నేను పెట్టిన షరతు, మోసమే తెలియని ప్రసాద్ లాంటివాళ్ళని ఆ కుప్ప దగ్గరికే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

వెంటనే మంగాయమ్మ గారికి ఫోన్ చేశాను. నేల బాగాలేదమ్మా, చెట్లు తీయించొద్దు అన్నాను. నిన్న ఫోన్లో ఒక మాట, ఇవాళ ఫోన్లోనే ఇంకో మాట, ఏది నమ్మమంటారని అడిగింది. "వచ్చి చూసి చెప్పండి" అని పెట్టేసింది.

శుక్రవారం సిద్ధార్థ్ దగ్గరికి వెళ్ళాను. రైతులందరికీ తప్పయిందని ఇప్పుడే చెబుదామన్నాను. నివేదిక క్లయింటుకి వెళ్ళిపోయింది కాబట్టి కొన్ని నెలలాగి, కొత్త వెర్షన్లో నెమ్మదిగా సర్దుదామన్నాడు. చెట్లు సోమవారం పోతాయన్నాను. ఎన్ని తోటలు అని అడిగాడు. ఒకటి అన్నాను. ఒకటే కదా సార్ అని ఎంత దయగా నవ్వాడంటే, నా రక్తం మరిగి ఆ గది ఏసీ ఆగిపోయిందని నా నమ్మకం. సాయంత్రమే కేపీహెచ్‌బీలో బస్సెక్కాను.

రెండు గ్లాసులు

శనివారం పొద్దున నేను తోట చేరేసరికి గొడ్డలి చప్పుడు వినిపించింది. కూలీలకి సోమవారం పెళ్ళి పనులున్నాయట, రెండు రోజులు ముందే వచ్చేశారు. గట్టు మీద నుంచే ఆపండి ఆపండి అని అరుచుకుంటూ పరిగెత్తాను. నా పొట్టతో అది పరుగంటే మీరు నమ్మరు, కూలీలూ నమ్మలేదు. ఆపింది మంగాయమ్మ గారు. అప్పటికి నలభై ఒక్క చెట్లు పడి ఉన్నాయి. వాటి ఆకులింకా వాడలేదు.

నా దగ్గర పాతకాలపు పరీక్ష పెట్టె ఉంది. మట్టిని మందునీళ్ళలో కలిపి వడగట్టి, నాలుగు చుక్కలేస్తే, పొటాష్ ఉన్న కొద్దీ నీళ్ళు తెల్లగా చిక్కబడతాయి. కాయలు కొట్టే చోట ఒక గుంట తవ్వాను, తోట నడిమధ్య, ఆకాశం కనబడని చోట ఇంకోటి తవ్వాను. మంగాయమ్మ గారింట్లోవే రెండు గాజు గ్లాసులు అరుగు మీద పెట్టి చుక్కలేశాను. మొదటిది మజ్జిగయింది. రెండోది మంచినీళ్ళలాగే ఉండిపోయింది.

ఆవిడ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండో గ్లాసుని ఎత్తి వెలుతురుకి పట్టుకుంది.

"అంటే నా చెట్ల తిండంతా ఇన్నేళ్ళుగా నేనే మోసుకెళ్ళి ఆ మూల పోస్తున్నానా అండి?"

"అవునమ్మా. నేనేమో ఆ మూల మట్టి చూసి, తోటంతా అలాగే ఉందని సంతకం పెట్టాను."

తోట మధ్యలో తవ్విన మట్టిని కూడా చూపించాను. నల్లగా, మెత్తగా, వానపాములతో, మంచి వాసనతో ఉంది. మీ చెట్లు చేయాల్సిన పని చేశాయి, ఆకుతో నేలని కాపాడాయి, వాటికి తిరిగి రావాల్సిన పొటాష్ రాలేదు, ఆకు అంచులు మాడింది అందుకే అన్నాను. తొక్కల్ని పచ్చిగా చెట్ల కింద వేస్తే కాయకుళ్ళు తెగులొస్తుంది, బాగా మగ్గబెట్టి అన్ని మొదళ్ళకీ పంచండి, ఈలోగా పొటాష్ కొని వేయండి అని చెప్పాను. అన్నీ విని లోపలికెళ్ళి, ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చింది.

"ఫోను మాట వద్దండి. రాసివ్వండి."

రాశాను: "ఈ తోట మట్టిని కాయలు కొట్టే చోట తీసి పరీక్షించాం. అది తోట మట్టి కాదు. పొటాష్ వేయొద్దని నేనిచ్చిన సలహా తప్పు. ఇక్కడ మట్టి తీయకండి, లోపల చెట్ల కింద తీయండి." కింద సంతకం. ఉద్యోగమంతటిలో నేను రాసిన వేల పేజీల్లో పూర్తిగా నిజమైనవి ఆ నాలుగు ముక్కలే అనిపించింది.

ఆవిడ కాగితం చదివి, మడిచి, పడి ఉన్న చెట్ల వైపు చూసింది. "వీటికేం రాసిస్తారండి?" అంది. పెన్ను మూత పెట్టి ఆవిడ చేతికిచ్చేశాను.

మోడల్ గొప్పతనం

బయలుదేరే ముందు నడిమధ్య తీసిన మట్టిని యాప్‌లో ఎక్కించాలని పట్టుబట్టాను. సిగ్నల్ కోసం కొబ్బరికాయలు దించే వెదురుగడకి ఫోను కట్టి, ఆకుల పైకెత్తి, అరగంట నిలబడ్డాను. కూలీలు ఆ వినోదానికి పనిమానుకున్నారు. చివరికి పచ్చరంగు వచ్చింది. మట్టి సంచి నేనే మోసుకొచ్చి ల్యాబులో ఇచ్చాను. అంకె వచ్చింది. వచ్చిన రోజే తెర మీద నుంచి మాయమైంది.

సిద్ధార్థ్‌ని అడిగాను. కాఫీ ఇప్పించి మరీ చెప్పాడు: "సార్, మిగతా అన్ని నమూనాలకీ అది చాలా దూరంగా ఉంది. అలాంటివాటిని మన సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు కట్టే మోడల్ తనంతట తనే తీసేస్తుంది. యాక్చువల్లీ అదే దాని గొప్పతనం."

"ఆ మిగతావన్నీ పెంటకుప్పలయ్యా."

"కానీ కన్సిస్టెంట్‌గా ఉన్నాయి కదా సార్."

ఎనిమిదేళ్ళలో నేను తిన్న చెంపదెబ్బల్లో అంత మర్యాదైనది లేదు. వెయ్యి కుప్పలు ఒకే అబద్ధం చెబితే అది ప్రమాణమైంది. ఒక్క చెట్టు కింది మట్టి నిజం చెబితే దాన్ని తుడిచేశారు. దాన్ని సమర్థించినవాడు దుర్మార్గుడైనా బాగుండేది, తిట్టుకుని నిద్రపోయేవాణ్ణి. మంచివాడు, ఇంటి దగ్గర కుండీలో తులసి కూడా పెంచుతాడు. క్లయింటుకి నేనే ఉత్తరం రాస్తానన్నాను. రెండు రోజుల్లో నేను స్వచ్ఛందంగా విరమిస్తున్నానని నాకు తెలియజేశారు. ఉత్తరం ఎలాగూ రాశాను. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు అని ఒక యంత్రం జవాబిచ్చింది. పై వారమంతా నా దగ్గరున్న నంబర్లకి ఒక్కొక్కటిగా ఫోన్ చేసి, పొటాష్ వేసుకోండి, నాదే తప్పు అని చెప్పాను. కొందరు తిట్టారు. ఇంకొందరు మీ మాట మేమెప్పుడు విన్నాం కనుక అన్నారు. జీవితంలో నాకు అంత హాయినిచ్చిన మాట ఇంకోటి లేదు.

చివరిగా

మీకు నేను చెప్పగలిగింది కొంచెమే. అంకె చూసే ముందు ఫొటో చూడండి, ఫొటో చూసే ముందు తోటకెళ్ళండి. మట్టి ఎవరు తీశారో, ఎక్కడ నిలబడి తీశారో, అక్కడే ఎందుకు నిలబడ్డారో అడగండి. చెట్లు నేలకి మంచివే, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో తెలియకుండా అంటే మాత్రం మీ నోరు కూడా నా నోరులాగే కాలుతుంది.

మంగాయమ్మ గారు మిగతా చెట్లు కొట్టించలేదు. మగ్గిన తొక్కని గంపలతో మోయించి మొదళ్ళకి వేయించింది, పొటాష్ వేసింది. రెండో ఏటికి కొత్తాకు అంచులు పచ్చగా వచ్చాయి. నలభై ఒక్క చెట్ల జాగా ఇంకా ఖాళీగానే ఉంది. మొక్కలు పంపిస్తానంటే, తొందరేముందండి అంటుంది.

నా కాగితాన్ని ఆవిడ ప్లాస్టిక్ కవరులో పెట్టి, కాయలు కొట్టే చోట కొబ్బరిచెట్టుకి మేకులతో కొట్టింది. మట్టి తీయడానికి వచ్చేవాళ్ళు సిగ్నల్ కోసం ఎలాగూ అక్కడే నిలబడతారు, చదువుకుంటారని. మొన్న ప్రసాద్ ఫోన్ చేశాడు. ఈసారి అతను లోపలికెళ్ళి చెట్ల కిందే తీయబోయాడట, యాప్ ఒప్పుకోలేదట. గంటసేపు తిరిగి, ఇక చేసేదిలేక మళ్ళీ ఆ మూలే తవ్వాడు. ఆ ఫొటో నాకు పంపాడు. గుంట ఉంది, పలుగు ఉంది, వెనక కొబ్బరిచెట్టుకి నా కాగితం ఉంది. కొంచెం పెద్దది చేసి చూస్తే "ఇక్కడ మట్టి తీయకండి" అన్న ముక్కా, కింద నా సంతకమూ స్పష్టంగా చదవొచ్చు. పైన ఆకాశం కూడా చాలా బాగా పడింది.

యాప్ దాన్ని మొదటిసారికే తీసుకుందట. పచ్చచుక్క పెట్టింది.